పొట్టి మెడ బేస్

ముందు ఒక బరువైన స్వరం వినిపించింది. వాద్యాల దుకాణం గాజు తలుపు సన్నగా వణికింది. లోపల స్టూలు మీద అన్న ఐదు తీగల బేస్ గిటార్‌ను ఒళ్ళో పెట్టుకుని మురిసిపోతున్నాడు. చెల్లెలు చేతులు కట్టుకుని చూస్తోంది.

“ఒకే వరసలో మూడు మోడళ్ళు. ఇదే అన్నిటికంటే పెద్దది. వేదిక మీద వెలిగిపోతుంది!”

“వాయించేది నేనా, నీ వేదికా?”

“నీ కోసమేనే!”

“అయితే కూర్చుని మురిసిపోక, లేచి భుజానికి తగిలించుకో. ఇప్పుడు చేతులు వదిలెయ్.”

అతడు వదిలాడు. గిటార్ తల నేల వైపు వాలిపోయింది.

“రెండు గంటల కచేరీ అంతా దీన్ని ఎత్తిపట్టుకునే వాయించాలా? ఆ ఐదో తీగ మన పాటల్లో ఒక్కదానికైనా కావాలా?”

“అక్కర్లేదనుకో...”

“ఆ మూలనున్న పొట్టి మెడది దింపు. నా వేళ్ళకు అందేది అదే.”

“బొమ్మలా ఉందే! జనం నవ్వరూ?”

“నవ్వడానికి నేను జనానికి కనబడితే కదా! వేదిక మీద మన బృందాన్ని పరిచయం చేసేటప్పుడు డ్రమ్మరుని పేరుతో పిలుస్తావు, కీబోర్డు అతన్ని పేరుతో పిలుస్తావు. నా దగ్గరికొచ్చేసరికి ‘మా చెల్లి కూడా ఉంది’ అంటావు. ఆరేళ్ళుగా అదే మాట! ఈసారీ అంతే అయితే నువ్వే వాయించుకో.”

“కోపమెందుకే? రేపు కచేరీలో చెబుతాలే.”

“ఇక్కడే చెప్పు. ఈ దుకాణంలో ఉన్న పదిమంది ముందు నోరు రానివాడివి, నాలుగు వందల మంది ముందు ఏం చెబుతావు?”

అతడు పొట్టి మెడ బేస్‌ను దింపి ఆమె భుజానికి తగిలించాడు. గొంతు సవరించుకుని, దుకాణమంతా తిరిగి చూసేలా అన్నాడు:

“బేస్ గిటార్ మీద... తరళ!”