మిగిలిన మాత్రలు

కొల్లేటి గట్టు మీద, చేపల చెరువుల మధ్య ఇల్లు. మిట్టమధ్యాహ్నం. పిల్లలు లేనివాళ్ళకి వైద్యం చేసే ఏలూరు ఆసుపత్రిలో కొత్త మాత్రల పరిశోధన పని చూసే ఇందుజ, కబురైనా చెప్పకుండా వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆ మాత్రలు వాడిన సాయిదుర్గకి అత్తగారు వెంకటనరసమ్మ. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది తప్ప లోపలికి రమ్మని మాత్రం అనలేదు.

"మెల్లగా మాట్లాడమ్మా."

"బాబు పడుకున్నాడాండీ?"

"బాబు ఇక్కడ లేడు. తల్లీ బిడ్డా గూడెంలో ఉన్నారు, పుట్టింట్లో."

"మరి మెల్లగా ఎందుకండీ?"

"ఊరికే. నాకు తలనొప్పి."

"నేను తాడేపల్లిగూడెం వెళ్ళే వస్తున్నానండీ. నెల తిరక్కుండానే మీరు ఇక్కడికి తెచ్చేసుకున్నారని సాయిదుర్గ వాళ్ళమ్మగారు చెప్పారు."

"చెప్పేసిందా? ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మజ్జిగ తాగుతావా?"

"వద్దండీ. బాబుని ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను."

"ఫోటో కోసమే కదూ? మొన్న మీ ఆసుపత్రి నుంచి ఫోను చేశారు. అక్కడ వైద్యం చేయించుకుంటే పుట్టిన పిల్లల ఫోటోలన్నీ గోడకి పెడతారట. మావాడు అబ్బాయిరాజు ఇవ్వనన్నాడు. దిష్టి తగులుతుందని."

"ఫోటో కోసం కాదండీ. నేను వచ్చినట్టు ఆసుపత్రిలో ఎవరికీ తెలీదు."

"తెలీకుండా ఎందుకొచ్చావమ్మా?"

"చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు ఆపేశారేంటండీ? వస్తూ చూశాను. ఈ ఉక్కకి చేప చచ్చి తేలిపోదూ?"

"తేలితే తేలనీ. ఆ మోతకి లేచిపోతాడు."

"ఎవరండీ?"

"మజ్జిగ తెస్తానుండు."

"పిన్నిగారూ, మజ్జిగ వద్దు. ఇలా వచ్చి కూర్చోండి. బాబు ఏడిస్తే పెదాలు నీలంగా అవుతున్నాయా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదండీ."

"ఎవరూ చెప్పకపోతే ఎలా తెలిసింది? చుట్టాలకే చెప్పలేదు మేం. మావాడు చెప్పాడా?"

"మీవాడు నా ఫోనే ఎత్తట్లేదండీ. ఏలూరులో ఇక్రా అని ఒకమ్మాయి ఉంది, తివాచీలు నేసేవాళ్ళ కోడలు. సాయిదుర్గతో పాటే మాత్రలు వాడింది. వాళ్ళ పాపకి అలా ఉంది. ఏడిస్తే చాలు, నీలం తిరుగుతోంది. నిన్న వాళ్ళింటికి వెళితే అత్తగారు మరియంబీ గుమ్మంలోనే ఆపి, మెల్లగా మాట్లాడమన్నారు. అచ్చం మీలాగే."

"అయ్యో రాత."

"చెప్పండి పిన్నిగారూ."

"ఏం చెప్పనమ్మా. గుండెలో చిల్లన్నారు. విజయవాడలో చూపించాం. ఇంకాస్త బరువు పెరిగితే ఆపరేషనట. అంతవరకూ గుక్కపట్టి ఏడవకూడదట. ఏడిస్తే ప్రాణం మీదకొస్తుందన్నారు. రాత్రీ పగలూ ఎవరో ఒకరి భుజం మీదే వాడు. కుక్కని కూడా అవతలి గట్టున కట్టేశాం. పిల్లాడి ఏడుపు వినాలని ఎన్ని గుళ్ళు తిరిగామో. ఇప్పుడు వాడు ఎక్కడ ఏడుస్తాడోనని చస్తున్నాం."

మాటలు విని సాయిదుర్గ బాబుని భుజాన వేసుకుని బయటికి వచ్చింది.

"అక్కా, నువ్వా? లోపలికి రాకుండా అరుగు మీద కూర్చున్నావేంటి?"

"నువ్వెందుకొచ్చావే బయటికి? వడగాలి తగులుతుంది వాడికి."

"ఉండండి అత్తయ్యా. ఈ అక్క దగ్గర దాచేదేముంది? చూడక్కా, గోళ్ళు చూడు. నేరేడుపళ్ళు తిన్నవాడికి మల్లే లేవూ?"

"చూశాను. కప్పెయ్యి, కప్పెయ్యి."

"మీ ఆసుపత్రి ఈశ్వరప్రసాద్ డాక్టరుగారికి ఫోనులో చెప్పాను. ఇలాంటి పిల్లలు ఎక్కడైనా పుడతారమ్మా, మాత్రలకీ దీనికీ సంబంధం లేదన్నారు. నిజమేనా అక్కా?"

"నాతోనూ అదే అన్నారు. ఇక్రా పాప సంగతి చెబితే, ఒక్కరిని చూసి కంగారు పడకు అన్నారు. నీ సంగతి ఆయనకి ముందే తెలుసన్నమాట. నాకు చెప్పలేదు."

"ఇప్పుడైనా ఆపుతారా ఆ మాత్రలు?"

"ఆపడం కాదు సాయిదుర్గా. సోమవారం నుంచి ఇంకో జట్టుకి మొదలుపెడుతున్నారు. భీమడోలు వైపు వాళ్ళు. అందరూ నీలాగే, ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళు. నా చేత్తోనే ఇవ్వాలి. అందుకే పరిగెత్తుకుంటూ వచ్చాను. నీ దగ్గర మిగిలిన మాత్రలు కావాలి."

"అవి దేనికిప్పుడు?"

"కొందరికి అసలు మందు ఇచ్చాం, కొందరికి చూడ్డానికి అలాగే ఉండే ఉత్త పిండి మాత్రలు. పరిశోధన అంటే అంతే. ఎవరికి ఏవి వెళ్ళాయో నాకే తెలీదు, పైవాళ్ళని అడిగితే ఇప్పుడే చెప్పకూడదంటున్నారు. నీవి ఒకటో రెండో దొరికితే హైదరాబాదులో పరీక్ష చేయిస్తాను. అసలు మందేనని తేలితే ఇక ఎవరూ దబాయించలేరు."

"కానీ నేను కడుపు నిలబడిందని తెలియగానే మానేశాను కదక్కా. నువ్వు చెప్పినరోజే."

"మానేశావు. నీ తప్పేం లేదు. బిడ్డ నిలబడే నెలలో ఆ మందు ఒంట్లో ఉన్నా చాలేమోనని నా భయం. గుండె తయారయ్యేది ఆ రోజుల్లోనే."

"ఆ మాత్రలు లేవమ్మా. పోయాయి. అప్పుడే చెప్పాంగా."

"అవునండీ, మీరే చెప్పారు. మిగిలినవి వెనక్కి ఇద్దామని ఆసుపత్రికి వస్తుంటే పడవలోంచి నీళ్ళలో పడిపోయాయని. అయినా ఒకటో రెండో ఇంట్లో ఉండిపోయాయేమోనని వచ్చాను."

"ఏ పడవ అత్తయ్యా? మనం ఏలూరు వెళ్ళింది ఆటోలో కదా. మీరు అలా చెప్పమంటే నేనూ అలాగే చెప్పాను. ఎందుకో అడగలేదు."

"పాత గొడవ ఇప్పుడెందుకే? ఇందుజమ్మా, ఇది చెప్పు ముందు. ఇందాక అరుగు ఎక్కుతూ నడుం మీద చెయ్యి వేసుకున్నావు. ఎన్నో నెల?"

"నాలుగు నడుస్తోందండీ."

"అక్కా, నిజంగా? ఇంతసేపూ చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? బాబుని అలా చూశాక నోరు రాలేదు."

"పిచ్చిదానా, నాకు ఎంత సంతోషంగా ఉందో తెలుసా? మా అందరికీ మాత్రలిచ్చి పంపి, నువ్వు వట్టి చేతుల్తో ఇంటికి వెళుతుంటే నాకే మనసు పీకేది. నువ్వూ ఇవే వాడావా?"

"లేదు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళని పరిశోధనలో చేర్చుకోరు. అప్పుడు ఎంత ఏడ్చానో. ఇప్పుడు అదే నా అదృష్టం అనిపిస్తోంది. దానంతటదే నిలబడింది, ఏ మందూ లేకుండా. నిన్న ఇక్రా పాపని చూసొచ్చి రాత్రంతా నిద్రపోకుండా ఉంటే మా ఆయన ప్రదీప్ అన్నారు, నువ్వు ఒక్క మాత్రయినా మింగావా, మరి భయమెందుకు అని. ఆ మాట పట్టుకునే ఈరోజు బయల్దేరగలిగాను."

"ఇందుజమ్మా."

"చెప్పండి."

"ఒకటి అడుగుతాను. ఆ మందు కొంచెమే లోపలికి పోతే ఏం కాదుగా?"

"కొంచెం అంటే ఎంతండీ?"

"నలిపి, పొడిచేసి, దేంట్లోనైనా కలిపితే. వేడి పాకంలో పడితే దాని గుణం పోతుంది కదా?"

"పోదండీ. పోతుందని ఎవరూ చెప్పలేరు. ఎవరు కలిపారు పిన్నిగారూ? దేంట్లో?"

"అత్తయ్యా, మీరేనా కలిపింది?"

"కేకలెయ్యకే, వాడు లేస్తాడు. నేను చెడు తలపెట్టలేదు. నా ఒట్టు. నీకు ఫలించిన మాత్రలవి. వాటిని వెనక్కిచ్చి, వాళ్ళు చెత్తలో పారేస్తే చూస్తూ ఊరుకోనా? మనకి కలిగిన శుభం ఇంకో ఆడకూతురికి పంచితే నీ కడుపు చల్లగా ఉంటుందనుకున్నాను."

"పంచడమేంటండీ? ఎవరికి పంచారు? అసలే సోమవారం దగ్గరపడుతోంది, నాకు మాత్రలు కావాలి."

"మాత్రలు లేవమ్మా. అన్నీ దంచేశాను. కోడలి సీమంతానికి బియ్యప్పిండిలో బెల్లం పాకం పోసి చలిమిడి చేశాం కదా, అందులో ఒక ముద్ద విడిగా తీసి దాంట్లో కలిపేశాను. మిగతాది పేరంటాళ్ళందరికీ పంచాం. దాంట్లో ఏం లేదు."

"ఆ విడిగా తీసిన ముద్ద, అత్తయ్యా? అది ఎవరికి పెట్టారు?"

"పిల్లలు లేని ముత్తైదువని చూలాలి పక్కన పీట మీద కూర్చోబెట్టి, ఒడిలో చలిమిడి పెట్టి పంపడం మన ఇంట్లో ఉన్నదే కదే. అలాగే పెట్టాను. ఇంటికెళ్ళి రోజూ పరగడుపున కొంచెం తినమ్మా, నీ కడుపూ పండుతుంది అని నా నోటితో నేనే చెప్పాను."

"ఆ రోజు పీట మీద నా పక్కన... అక్కా. అక్కా, అలా చూడకు. నువ్వు తినలేదు కదూ? ఆసుపత్రిలో పనిచేసేదానివి, నీకు ఇలాంటివి నమ్మకం ఉండవుగా. ఎవరికైనా ఇచ్చేసి ఉంటావు. ఇచ్చేశానని చెప్పు."

"నాకు కడుపు నిలబడిన ఆ నెలంతా తిన్నాను సాయిదుర్గా. ప్రదీప్ అడిగితే కూడా పెట్టకుండా, ఫ్రిజ్‌లో దాచుకుని మరీ నేనొక్కదాన్నే తిన్నాను."