కాబ్దెన్ పెదనాన్న చుక్క మందు

ఉడికించిన గొర్రె తల పళ్లెంలో పొగలు కక్కుతోంది. మాలో ఆ తల ఎవరి ముందు పెడితే ఆ పూటకి వాళ్లే పెద్ద. అమ్మ దాన్ని మా అన్నకి కొత్తగా పిల్లనిచ్చిన సాగింబాయ్ ముందు పెట్టేస్తుందేమోనని మా కాబ్దెన్ పెదనాన్నకి ఒకటే గుబులు. టీ గిన్నె కింద పెట్టి మాట అందుకున్నాడు.

"బావగారూ, తెమిర్‌తావు ఉక్కు ఫ్యాక్టరీలో యాసిడ్ తొట్టి నాది. కొలిమిలోంచి వచ్చిన రేకు మీద నల్లటి పెచ్చు కడుతుందా, యాసిడ్‌లో ముంచితే పోతుంది. కానీ యాసిడ్‌కి ఆకలెక్కువ, పెచ్చు అయ్యాక ఉక్కునీ తినేస్తుంది. అక్కడే నా మందు! గరిటెడు పోస్తే పెచ్చు వరకే తిని నోరు కట్టేసుకుంటుంది. ఆ రేకు తళతళలాడుతూ పైకి లేస్తుంటే... అబ్బ, ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది."

"గరిటెడుతోనేనా?" సాగింబాయ్ కళ్లు పెద్దవయ్యాయి.

"అది మొదట్లో. తర్వాత చుక్క చాలేది. ఆ తర్వాత సీసా మూత తీసి చూపిస్తే తొట్టంతా గమ్మునుండేది! ఓసారి తుప్పు పట్టిన రైలింజన్‌ని తొట్టిలోకి దించాం. ఏమైందో తెలుసా? బొగ్గు లేదు, డ్రైవర్ లేడు, కూత వేసుకుంటూ దానంతటదే పైకొచ్చింది!"

"ఒయ్‌బాయ్!" అంది సాగింబాయ్ భార్య గుండె మీద చెయ్యేసుకుని.

"ఉండమ్మా, అసలుది ఇంకా చెప్పలేదు. ఆ ఇంజన్ విసురుకి నేనే తొట్టిలో పడ్డాను. పైన అందరూ ఏడుపులు. నాకేం, జేబులో సీసా ఉంది! కాసేపు ఈదాను, అలిసిపోయి ఓ కునుకు తీశాను. యాసిడ్ నా ముసలితనాన్ని పెచ్చులా తినేసి మనిషిని వదిలేసింది. ఇంటికెళితే మా ఆవిడ గుర్తుపట్టక, ఎవరబ్బాయివి నాయనా అని రొట్టె పెట్టింది!"

"మరి మళ్లీ ఇంత ముసలివాళ్లెలా అయ్యారన్నయ్యా?" అడిగిందావిడ.

"మందు అయిపోయింది తల్లీ."

ఎవరం నవ్వలేదు. ఆయన చెబుతుంటే ఆ తొట్టి మా మధ్యే ఉన్నట్టు నాకు భయమూ వేసింది, గర్వంగానూ అనిపించింది. సాగింబాయ్ అయితే పళ్లెం వైపు చూపించి, "చెల్లెమ్మా, తల ఆయనకే పెట్టు. ఇలాంటి మనిషి ముందు నేనెంత?" అనేశాడు.

పెదనాన్న చేతులు తుడుచుకుని ముందుకి జరిగాడు.

అమ్మ కత్తి తీసుకుంది. తలలోంచి నాలుక కోసి పెదనాన్న గిన్నెలో వేసి, తలని సాగింబాయ్ ముందుకి జరిపింది.

"అంత యాసిడ్‌లో పడ్డా వీసమెత్తు అరగనిది మీకిదొక్కటే బావగారూ. తినండి, చల్లారిపోతుంది."