‘మనవాళ్లే’ అనే ఫోను

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మన ఆస్పత్రి వ్యవస్థాపకులు డాక్టర్ జయకృష్ణ గారికి, ముందు వరుసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్న వారి మేనమామ, చల్లపల్లి బసవయ్య గారికి (ఆ కాలు మనం అతికించిందే, అందుకే అంత ధీమా), డాక్టర్లకు, నర్సులకు, ఇన్నాళ్లూ నా గొంతు వినగానే సర్దుకుని కూర్చున్న బిల్లింగ్ పిల్లలకు జ్ఞానప్రసూనాంబ నమస్కారాలు. (నవ్వులు)

ఇందాక మాట్లాడినవాళ్లంతా నన్ను శాంతమూర్తి అన్నారు. అన్నవాళ్లలో సగం మంది నాతో పోట్లాడి నెలల తరబడి మాటలు మానేసినవాళ్లే. రిటైరయ్యే రోజున మనిషికి లేని గుణాలన్నీ అంటగడతారని తెలుసు గానీ, నాకు శాంతం అంటగట్టడం మరీ అన్యాయమండీ. నాకు కోపం ఉంది. ఆ కోపం వల్లే ఈ ఆస్పత్రి ఇవాళ మన చేతుల్లో ఉంది. ఈ మాట నేనే చెప్పుకోవాలి, ఎందుకంటే బిల్లింగ్ వాళ్లకు దండ పడేది ఈ ఒక్కరోజే. ప్రాణం నిలబెట్టినందుకు డాక్టరుగారికి దణ్ణాలు, బిల్లు ఇచ్చినందుకు మాకు శాపనార్థాలు. అలవాటైపోయింది లెండి.

కరోనా తగ్గి జనం మళ్లీ ఆస్పత్రులకు రావడం మొదలైన ఏడాది మీకు గుర్తుండే ఉంటుంది. వార్డులు కిటకిటలాడేవి, వరండాలో కూడా మంచాలు వేశాం, అయినా మన జీతాలు మాత్రం ఒకటో తారీకున వచ్చేవి కావు. హైదరాబాదు నుంచి ఓ పెద్ద కంపెనీ వాళ్లు వచ్చి కొనేస్తామన్నారు. డాక్టరుగారు సంతకానికి సిద్ధపడ్డారు. “ఇంతమంది వస్తున్నారు, డబ్బేమైపోతోందో అంతుపట్టడం లేదండీ. వైద్యం చేయడం వచ్చు గానీ నడపడం నావల్ల కావడం లేదు” అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. ఇటుక ఇటుకా దగ్గరుండి పేర్పించుకున్న మనిషి.

డబ్బేమవుతోందో నాకు తెలుసు. నా కౌంటర్ మీదున్న ఫోన్లోంచి పోతోంది. ఎవరో ఒకరు డిశ్చార్జి అయ్యే వేళకు ఆ ఫోను మోగేది. “మేడమ్, ఫలానా ఆయన మనవాళ్లే, కాస్త చూడండి.” చూడండి అంటే తగ్గించండి అని. డాక్టర్లు చేసేవారు, వాళ్ల బావమరుదులు చేసేవారు, మన క్యాంటీను ఆయన కూడా చేసేవాడు. చివరికి డాక్టరుగారి అమ్మాయికి కూచిపూడిలో నాట్యం నేర్పిన మాస్టారి పక్కింటివాళ్లు కూడా మనవాళ్లే అయిపోయారు! (నవ్వులు) నవ్వండి నవ్వండి, ఈ హాల్లో ఫోను చేయనివాళ్లుంటే చెయ్యెత్తండి. (ఎవరూ ఎత్తలేదు)

ఇన్సూరెన్సు వాళ్లు కాగితం సరిగా లేదని కోసేది వేరు. దాన్ని మా పిల్లలు వెంటబడి, పోట్లాడి తెచ్చారు. ఈ కోత మాత్రం మన చేత్తో మనం కోసుకున్నది. పైగా తగ్గింపు ఎవరికి దక్కేది? ఫోను చేయించుకోగలిగినవాళ్లకి, కార్లలో వచ్చినవాళ్లకి. చేయించే దిక్కులేనివాళ్లు మారు మాట్లాడకుండా మొత్తం కట్టి వెళ్లేవారు. నాకు కోపం వచ్చింది అక్కడండీ.

“సంతకం ఒక్క ఏడాది ఆపండి” అని డాక్టరుగారిని అడిగాను. “ఫోను మీద తగ్గింపు వద్దు. ఎవరు తగ్గించమంటారో వాళ్లే కిందికి దిగొచ్చి, లైన్లో నిలబడి, నలుగురూ వింటుండగా కారణం చెప్పాలి.” ఆయన నవ్వి సరేనన్నారు. ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు, ఎందుకంటే మొదట దొరికింది ఆయనే.

బసవయ్య గారు పొలం గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నారు. డిశ్చార్జి రోజున ఫోను. “ప్రసూనాంబ గారూ, మా మావయ్యండీ...”

“కిందికి రండి” అన్నాను.

“థియేటర్లో ఉన్నానండీ.”

“అయ్యాకే రండి. లైను ఎక్కడికీ పోదు.”

వచ్చారు. తల మీద ఆకుపచ్చ టోపీ కూడా తీయకుండా వచ్చి నిలబడ్డారు. ఆయన ముందు భవానీపురం రావమ్మ ఉంది. ఆవిడ భర్త పరంజా మీంచి పడితే అదే కాలు, అదే ఆపరేషను. బిల్లు మొత్తం కట్టేస్తోంది. చెవులు బోసిగా ఉన్నాయి. డాక్టరుగారు చూసి, “తగ్గించమని అడగలేదేమ్మా?” అన్నారు.

“అడగాలంటే లోపల ఎవరో ఒకరు తెలిసుండాలంట గదండీ. మాకెవరు తెలుసు బాబూ?” అంది రావమ్మ.

పక్కనే చక్రాల కుర్చీలో ఉన్న బసవయ్య గారు గొంతెత్తారు. “ఒరేయ్ కృష్ణా, నాది మొత్తం రాయించెయ్యి. నాకు తగ్గించేదేదో ఆ అమ్మాయికి తగ్గించమను. ఇంక పక్కకి తప్పుకో, నీ వెనకాల జనం ఆగిపోయారు!” (చాలాసేపు చప్పట్లు)

ఆ రోజుతో ఫోను మూగబోయింది. ఉన్నవాళ్లెవరూ లైన్లో నిలబడి నలుగురి ముందూ మాకు తగ్గించండి అనలేకపోయారు. లేనివాళ్లకు అడక్కుండానే తగ్గించాం. అయినా ఏడాది తిరక్కుండా జీతాలు ఒకటో తారీకుకి వచ్చాయి. కంపెనీ వాళ్లు మళ్లీ వచ్చారు, మంచి కాఫీ ఇచ్చి పంపించాం. మనం కూర్చున్న ఈ కొత్త అంతస్తు ఎవరికీ తలవంచకుండా కట్టుకున్నది. గెలిచామండీ! ఇప్పుడు కొట్టండి, ఇవి బిల్లింగ్ వాళ్ల చప్పట్లు. (చప్పట్లు)

ఇంకొక్క మాట. ఇందాక డాక్టరుగారు శాలువా కప్పి, నాకు జీవితాంతం ఇక్కడ ఉచిత వైద్యం అని ప్రకటించారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. డాక్టరుగారూ, మీ అభిమానం నాకు తెలుసు. అబద్ధమెందుకు, కళ్లనీళ్లు వచ్చాయి. శాలువా ఉంచుకుంటాను, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోండి. మీరు ఇవాళ మైకులో చేసింది కూడా ఆ ఫోనే.

అక్షయా, రేపట్నుంచి నా కుర్చీ నీది. వచ్చే నెల నా కంటి ఆపరేషను ఇక్కడే. డాక్టరుగారు ఫోను చేసి, ప్రసూనాంబ గారు మనవాళ్లే అంటే ఏం చెప్తావు?

(వెనక వరుసలోంచి అక్షయ: “కిందికి రమ్మంటానండీ!” నవ్వులు, చప్పట్లు)

అదీ! ఇక నాకు బెంగ లేదు. ముందు ఎవరుంటే వాళ్ల వెనక నిలబడతాను, బిల్లు పైనుంచి కిందిదాకా చదువుతాను, తప్పుంటే అక్కడే పోట్లాడతాను, మొత్తం కట్టి ఈ గుమ్మంలోంచి తలెత్తుకుని వెళ్తాను. ఇంత ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. లైన్లో కలుద్దాం. సెలవు.