నిప్పు తేల్చిన ఉన్ని

ఉద్దనపల్లిలో గొర్రెలు మేపి ముసలిదైన అవ్వ ముందు, సైకిల్ పిచ్చి పట్టిన మనవరాలు మెరినో గొర్రె ఉన్నివని తెప్పించిన రెండు బనీన్లు పరిచింది.

"చలిలో సైకిల్ తొక్కేదానికి, అవ్వా. చెమట పట్టినా కంపు కొట్టవంట. ఒకటి ఉంచుకొని, ఇంకోటి ఈ పొద్దే వాపసు పంపాల. ఏది అసలు ఉన్ని?"

"గొర్రెనైతే నోరు తెరిచి పండ్లు చూసి కొంటారు. నువ్వు కొనేసి అడుగుతావేమే?"

అవ్వ రెండింటి అంచులూ కత్తిరించి పొయ్యిలో పెట్టింది.

"ఇది వెంట్రుకలు కాలిన వాసనొస్తా ఉంది, ఉన్నే. అది కరిగి ముద్దకట్టింది, ప్లాస్టిక్కు. దాన్ని పంపించెయ్."

"కత్తిరించినాక ఎవరు తీసుకుంటారవ్వా?"

అవ్వ కత్తెరను కొంగు కింద దాచింది.

"పెండ్లైన మర్నాడే మీ తాతను వాపసు తీసుకోమని చెప్పినాను. మా అత్త తీసుకోలే. నలభై ఏండ్లు వాడుకోలేదా? నువ్వూ వాడుకో."