ఓబుళమ్మ ఊరు ఇడిపించిన దినం

ఓబుళమ్మని ఒకామె ఉండ్య. వంకమిట్ట అనే ఊరికి సర్పంచి. మొగుడు పెత్తనం చేస్తాంటే తాను ఇంట్లో కూచునే రకం కాదనుకో, ఆమె పని ఆమే చూసుకుంటాండ్య. ఇంగ ఆ ఊరు ఎట్లాంటిదంటే, ఊరి పక్కన ఒక వంక. పేరుకే వంక, దాంట్లో నీళ్ళు పారంగా చూసినోళ్ళు ఎవురూ ల్యారు. ఇసక, కంపచెట్లు, మేకలు, అంతే. అందుకని అంతకు ముందు సర్పంచి కంబగిరప్ప ఏం చేసినాడంటే, ఇండ్లు ల్యానోళ్ళకి ఆ వంకలోనే స్థలాలు ఇచ్చేసినాడంట. కింది వీధి అని పేరు కూడా పెట్టిరి. ఓబుళమ్మ కాపురమూ ఆ వీధిలోనే. తప్పంటారా? నీళ్ళు రాని వంక ఆయ, ఇండ్లు ల్యాని జనం ఆయ. మీరున్నా అదే చేసుందురు, ఊరికే తల ఊపొద్దండి.

అయితే వానల తీరు మారిపాయ గదా. ముందు మాదిరి సన్నంగా పడి, నిలిచి, మళ్ళా పడేది పాయ. నెలలకు నెలలు ఎండ మాడ్చేది, మాడ్చి మాడ్చి ఒక్క పూటలో అంతా కుమ్మరిచ్చేది. పక్క మండలంలో అట్లే వంక వచ్చి మనుషుల్ని ఇండ్లతో సహా ఊడ్చుకపాయనంట. ఆ మాట ఇన్నప్పట్నుంచి ఓబుళమ్మకి కూడు సయించల్యా. గ్రామసభ పెట్టి, "అన్నా, పంచాయతీ దుడ్లతో ఊరి ముందర ఆర్చీ కట్టేది వద్దు. వంకలో కంప కొట్టిస్తాం, కింది వీధోళ్ళకి గుట్ట పక్కన స్థలాలు చూస్తాం. అంతదంకా పెద్ద వాన వస్తే అందరం గుట్ట ఎక్కల్ల" అనె. కంబగిరప్ప నవ్వినాడు. తాగను నీళ్ళు ల్యాక ట్యాంకరు కాడ జుట్లు పట్టుకుంటాంటే, మునిగిపోతామంటావేందమ్మా అన్న్యాడు. జనమూ పకపకా నవ్విరి. ఆర్చీకే చేతులెత్తిరి.

ఆ మీదట ఏమైందంటే, ఒక దినం మబ్బు కమ్మితే ఈమె దండోరా ఏయించె. పాపం కొందరు సంగటి ముద్ద ఇడిచిపెట్టి గుట్టెక్కిరి. చినుకు రాల్యా. ఇంగ చూడు ఎగతాళి! ఎవురన్నా లేని మాట చెప్తే, "అది ఓబుళమ్మ వానలే" అనేది. ఆమె చెవిన పడేట్టే అందురు. ఆమె తల దించుకుని పోతాండ్య.

కార్తీకంలో తుపాను పట్టె. తెల్లారేసరికి ఆకాశం చిల్లు పడినట్టు కురుస్తాండాది, ఎగువ ఊర్లలో ఇంకా పెద్ద వానంట. మండలాఫీసు నుంచి ఫోను వచ్చె, ఊరు ఖాళీ చేయించమ్మా అని. చేయించమంటే అయిపాయనా? తడిసిన తప్పెట మోగితేనా? ఓబుళమ్మ గోనెసంచి తలకు కప్పుకుని కింది వీధిలో ఇల్లిల్లూ తిరిగె. అన్నా రాండి, అక్కా రాండి అని గొంతు పోయేట్టు అరిచె. "నువ్వు పోమ్మా, ఎనకాల వస్తాం" అని చెప్పి తలుపులేసుకునిరి. ఎవుడొస్తాడు, ఓబుళమ్మ వాన గదా! వీళ్ళనిట్లే వదిలితే అందర్నీ పోగొట్టుకుంటా గదా దేవుడా అని ఏడ్చుకుంటా ఇంటికొచ్చె.

ఇంట్లో వాళ్ళత్త సుంకులవ్వ పొయ్యి ఊదుతాండాది. మీకొక మాట చెప్పల్ల. ఆ ఊర్లో ఊరు ఇడిచే దినం అని ఒక ఆచారం. ప్రతి ఆషాఢంలో ఒక పొద్దున, ఊరి దేవత అమ్మకి పూజ చేసే సుంకులవ్వ మొదట తన పొయ్యి మీద నీళ్ళు పోస్తాది. అది చూసి ఊరంతా పొయ్యిలార్పి, పసిపిల్లల్ని, ముసిలోళ్ళని, గొడ్లని, కోళ్ళని తీసుకుని గుట్ట మీద అమ్మకాడికి పోతారు. పొద్దు గూకేదాకా ఊర్లో పిట్ట ఉండదు. ఉండిపోయినోడి వల్లే ఆ ఏడు ఊరికి కీడంటారు. ఆ మాట పడేదానికి ఎవురికి గుండె ఉంటాది?

ఆ పొయ్యి చూస్తానే ఓబుళమ్మ, "అత్తా, పొయ్యార్పు" అనె. ముసిలామె ఎగిరిపడె. "కార్తీకంలో ఊరు ఇడిచేదేందే! అమ్మ కన్నెర్ర చేస్తాది." "ఈ ఆచారం ఎట్ల వచ్చె అత్తా?" "తెలీదా నీకు? కలరాకి జనం రాలిపోతాంటే, ఊరు ఇడిచి నాకాడికి రాండని అమ్మ పిలిచె." "ఆ పొద్దు అమ్మ పంచాంగం చూసి పిలిచిందా?" అనె ఓబుళమ్మ.

సుంకులవ్వ చూరు నుంచి దారగా పడే నీళ్ళని చూస్తా కూచునె. కడాకు ముసిలామె లేచి, కడవ ఎత్తి పొయ్యి మీద కుమ్మరిచ్చె. పాపమొస్తే నాకే రానీలే అనుకుంటా వీధి నడిమధ్యకి పోయి, "ఊరు ఇడవండిరో!" అని కేకేసింది చూడు, ఆ గొంతు వానని మించిపాయనంట. తలుపులన్నీ తెరుచుకునె. ఎందుకని అడిగినోడు ల్యాడు. కంబగిరప్పే వాళ్ళమ్మను వీపున ఏసుకుని, బర్రెను తోలుకుంటా ముందర పాయ.

మధ్యాన్నానికి వంక వచ్చె. ఎర్రగా, చెట్లు పెరుక్కుంటా. కింది వీధి గోడలు ఒకటెనక ఒకటి కూలిపాయ. గుట్ట మీద జనం ఎవురి పిల్లల్ని వాళ్ళు తడుముకునిరి, ఎవురి ముసిలోళ్ళని వాళ్ళు చూసుకునిరి. అందరూ ఉండారు. కోళ్ళు కూడా ఉండాయి అనుకో! అప్పుడు ఓబుళమ్మ బురదలోనే చతికిలబడి భోరున ఏడ్చె. గుండె మీద బండ దిగితే వచ్చే ఏడుపు అది. కంబగిరప్ప దగ్గరికొచ్చి, "ఆ స్థలాలు ఇచ్చింది నేనే గదమ్మా" అని తల దించుకునె. "ఈసారి పైన ఇద్దాంలే అన్నా, నువ్వూ దగ్గరుండు" అనె ఆమె.

నీళ్ళు తీసినాక పంచాయతీ వాళ్ళు వంక యాడికొచ్చిందో ఆడికి గెట్టు రాళ్ళు పాతిరి, దీనికి కింద ఎవురూ ఇల్లు కట్టగూడదని తీర్మానం చేసిరి. కింది వీధోళ్ళందరికీ గుట్ట పక్కన స్థలాలిచ్చిరి. మన జనం సంగతి మీకు తెల్దా, పంచాయతీ రాయైతే కన్ను మూసి తెరిచేలోగా జరిపేస్తారు. అందుకే సుంకులవ్వ పోయి ఒక్కో రాయికీ పసుపు పూసి బొట్టు పెట్టి వచ్చె. ఇంగ జరపమను చూద్దాం! అది పంచాయతీ రాయా, అమ్మ రాయా అని నన్నడగొద్దండి. ఎవురి రాయైనా కానీ, నా కొట్టం మాత్రం దానికి పైనే ఏసుకుంటి.