వానపాముల డబ్బాలో ఎర్ర నీళ్లు

డబ్బా మూత తీయగానే వానపాములన్నీ ఎర్రటి నీళ్లలో చచ్చి తేలుతున్నాయి. ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలోని ఆ ఇంటి పెరట్లో, భార్య భర్తను నిలదీసింది.

“ఆర్నెల్లు సాకినాను. రేపు పొదుపు సంఘం ఆడోళ్లు ఐదుమంది ఎరువు చేసుకోను వీటికోసమే వస్తాండారు. వాళ్లకేం ఇయ్యాల?”

“పురుగుల కోసం ఏడుస్తావేమే? ఇంగో నాలుగు తవ్వుకో.”

“ఎట్ల సచ్చినాయి?”

“ఎండకు సచ్చింటాయి. నాకేం తెలుసు?”

“ఎండకు నీళ్లు ఎర్రగైతాయా? ఇది నూలుకేసే రంగు. వీధిలో అందరూ రంగునీళ్లు మోరీలో పోస్తారు. నిన్న నువ్వు యాడ పోసినావు?”

“మెల్లగా మాట్లాడు. పక్కింటోళ్లు ఇంటారు.”

“ఇననీ! రంగేయడంలో నా అంతోడు లేడని మీసం తిప్పుతావు గదా, ఇప్పుడు నోరు పడిపోయిందా?”

“నూలుకు రంగు పట్టలేదే. పట్టింటే నీళ్లు తేటగా మిగులుతాయి. అంత చిక్కటి ఎరుపు మోరీలో పారితే, నా రంగు చెడిందని వీధంతా నవ్వుతాది. నీ పురుగులైతే ఎవురికీ సెప్పవని, నేనే తెచ్చి ఈడ పోసినాను.”