ఎలుగుబంటి మేనేజరు

వేదిక వెనక మేకప్ గది. కాసేపట్లో వ్యంగ్య గీతాల గాయకుడి కొత్త ఆల్బమ్ విడుదల. అతనితో మాట్లాడుతున్నది అతని అక్క.

“అది కాదు నేనడిగింది. ముందే రేడియోలో వదిలావే, ఆ పాట ఎవరి మీద రాశావు?”

“ఎవరి మీదా కాదక్కా. ఊరికే. కూర్చో, ముందు కాఫీ తాగు.”

“కాఫీ వద్దు. ‘ఇంట్లో మేనేజరు, వీధిలో ఎలుగుబంటి’ అన్నది ఊరికే వచ్చిందా?”

“పాటన్నాక ఎక్కణ్ణుంచో వస్తుంది. జనం నవ్వుతున్నారు కదా, అది చాలు.”

“ఆఁ, నవ్వుతున్నారు. బొమ్మల కొట్టు ముందు పిల్లలు ఎలుగుబంటి వేషం బొచ్చు పట్టి లాగుతూ మరీ పాడుతున్నారు. మొన్న చూశాను.”

“ఏ కొట్టు?”

“నీకు తెలీదూ?”

“అక్కా...”

“నా మొహం చూసి చెప్పు.”

“తెలుసు. కానీ నీకెప్పుడు తెలిసింది?”

“నా సంగతి తర్వాత. నువ్వెప్పుడు చూశావు?”

“ఎండాకాలంలో. కొట్టు పక్క సందులో, ఎలుగుబంటి వేషంలో, దాని తల తీసి ఒళ్ళో పెట్టుకుని బావ నీళ్ళు తాగుతున్నాడు. నన్ను చూళ్ళేదు.”

“పలకరించలేదా?”

“ఏమని పలకరించను? ఆ కొట్టుకి మేనేజర్నని అందరికీ చెప్పుకున్న మనిషి.”

“నవ్వొచ్చిందా?”

“అప్పుడు రాలేదు.”

“మరి?”

“అంతకు ముందే అందరి ముందూ అన్నాడక్కా, ఈ వెక్కిరింత పాటలు ఎన్నాళ్ళు, నాలా కుదురైన ఉద్యోగం చూసుకో అని. అది కడుపులో ఉండిపోయింది. ఇంటికొచ్చి కూర్చుంటే పాట దానంతటదే వచ్చేసింది.”

“దానంతటదే! స్టూడియోలో పాడింది కూడా అదేనా? ఆయన దగ్గు కూడా పెట్టావు కదరా. మాట మొదలెట్టే ముందు ఆ రెండు దగ్గులు.”

“రికార్డింగప్పుడు అందరూ పడీ పడీ నవ్వారు. ఉంచేశాం. సిగ్గుతో చచ్చిపోతున్నానక్కా, నిజంగా. బావ విన్నాడా?”

“వినకపోవడానికి చెవుడా? రేడియోలో వస్తుంటే ఆయనే సౌండు పెంచారు. నవ్వారు కూడా. ఆ రోజు నుంచి ఇంట్లో ఆ దగ్గు దగ్గడం మానేశారు.”

“నువ్వేమన్నావు?”

“ఏమంటాను? పాత కంపెనీ మూతపడి ఈ కొట్టులో చేరిన దగ్గర్నుంచీ నాకు తెలుసు. ఏసీ కొట్టులో మేనేజరు చొక్కాకి అంత చెమటేంటి? సాయంత్రం వచ్చి ‘ఇవాళ స్టాఫుని గట్టిగా మందలించాను’ అంటారు. నేను ఊఁ కొడతాను. నాకు తెలుసని ఆయనకి తెలీనివ్వకుండా నెట్టుకొచ్చాన్రా. నువ్వొక్క పాటతో...”

“ఇవాళ ఆ పాట పాడను. ఒట్టు. తీసేస్తాను.”

“చివర్లో ఎలుగుబంటి కూడా వస్తుందట కదా?”

“మావాళ్ళు ఎక్కణ్ణుంచో తెప్పించారు. ఆఖరి చరణంలో నేను దాని తల తీయాలి. ఆ గోలా వద్దులే, పంపించేస్తా.”

“ఎక్కణ్ణుంచి తెప్పించారో అడిగావా?”

“లేదు. ఏం?”

“ఊళ్ళో ఎన్ని ఎలుగుబంట్లున్నాయనుకున్నావు?”

“బావా? బావ ఎందుకొచ్చాడు? రానని చెప్పొచ్చు కదా!”

“ఓనరు వెళ్ళమన్నాక ఏమని చెప్తారు? పొద్దున నాతో ‘మీటింగుంది’ అనే చెప్పి వెళ్ళారు. కొట్టు ముందు చూస్తే, ‘ఇవాళ మా ఎలుగుబంటి ఆల్బమ్ విడుదలలో’ అని బోర్డు! పరిగెత్తుకొచ్చాను. తల మాత్రం తీయకురా. నేనొచ్చినట్టు కూడా చెప్పకు.”

“తీయను. ముందెళ్ళి బావ కాళ్ళ మీద...”

“సార్! సార్, తలుపు తీయండి!”

“ఎవరు?”

“స్టేజి మేనేజర్ని సార్. ఆ ఎలుగుబంటి వేషం ఆయన, పిలవకుండానే స్టేజెక్కేశాడు. తనే తల తీసి పక్కన పెట్టి, ‘ఈ పాటలో ఉన్నది నేనే’ అని మైకులో చెప్పేశాడు.”

“అయ్యో! జనం ఏమన్నారు బాబూ? నవ్వారా?”

“ముందు నవ్వారమ్మా. తర్వాత ఎవరూ నవ్వలేదు. సార్, మీరు తొందరగా రండి, మీ గురించే చెప్తున్నాడు.”

“నా గురించా? ఏమని?”

“‘పాట రాసింది మా బామ్మర్దే. వాడికి కాస్త సిగ్గెక్కువ, మీరంతా గట్టిగా చప్పట్లు కొడితేగానీ బయటికి రాడు’ అంటున్నాడు సార్.”